సీరియల్ ఆగిన చోట మన పిల్లల తెలుగు మొదలు

పుదూరు చుట్టుపక్కల నల్లరేగడి పల్లెల్లో, అటు కోవిల్‌పట్టి, ఇటు విరుదునగర్ దాకా, ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో తమిళం చదివే పిల్లలు చాలామంది ఉన్నారు. 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి పాఠమైంది. తెలుగు మన పిల్లల చెవికి తెలుసు, కంటికే కొత్త. సాయంత్రం వాళ్లకు తెలుగు వినిపించేది అవ్వ నోట, లేదా టీవీలో. అందుకే ఈసారి సీరియల్ గురించి మాట్లాడుకుందాం. తిట్టడానికి కాదు, వాడుకోవడానికి.

స్టార్ మాలో ‘కార్తీక దీపం’ 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరి దాకా సాగింది. మలయాళ సీరియల్ ‘కరుత్తముత్తు’ దీనికి మూలం. దీప కన్న పిల్లలు తన బిడ్డలేనా అన్నది భర్త డాక్టర్ కార్తీక్ అనుమానం. తన బిడ్డలేనని చూసేవాళ్లందరికీ తెలుసు, ఆయనకే తెలియదు. ‘డాక్టరై ఉండి డీఎన్‌ఏ పరీక్ష చేయించుకోడేం?’ అని ఇంటింటా అడిగారు. ఆ ఒక్క పరీక్ష చేయిస్తే చిక్కుముడి విడిపోతుంది. అందుకే అది ఏళ్ల తరబడి వాయిదా పడింది.

రోజువారీ సీరియల్‌ను చివరిదాకా ముందే రాసుకుని తీయరు. తీస్తూ రాస్తారు, రాస్తూ తీస్తారు. వారం వారం వచ్చే రేటింగ్‌ను బట్టి ప్రకటనల రాబడి ఉంటుంది. చూసేవాళ్లు ఉన్నంతకాలం ముడి విప్పాలని ఎవరికీ తొందర ఉండదు. 2022లో దీప, కార్తీక్ ప్రమాదంలో పోయినట్టు చూపి, పిల్లలను పెద్దవాళ్లను చేసి కథ నడిపారు. అభిమానులకు అది రుచించలేదు. కొన్ని నెలలకే ఆ పాత్రలు తిరిగొచ్చాయి. 1990ల చివర సన్ టీవీలో వచ్చిన ‘మర్మదేశం’ కథ ‘విడాదు కరుప్పు’ ఇందుకు భిన్నం. ఊళ్లో శిక్షలు వేస్తున్నది కాపలా దేవుడా, మనిషా అన్న ప్రశ్నతో నడిచి, చివర జవాబు చెప్పి ముగిసింది.

ఇక్కడే మన పని ఉంది. ‘రేపు ఏమవుతుంది?’ అన్న ప్రశ్న పిల్లల నోట ఎంత తెలుగు పలికిస్తుందో గమనించండి. శుక్రవారం ఆగిన చోట టీవీ కట్టేసి, ‘నువ్వైతే ఏం చేయిస్తావు? ఎందుకు?’ అని అడగండి. ‘ఎందుకంటే’, ‘కాబట్టి’, ‘ఒకవేళ’ అనే మాటలు వాటంతట అవే వస్తాయి. అక్షరాలు వచ్చిన బిడ్డ ఐదు వాక్యాలు రాస్తుంది. రాని బిడ్డ చెబితే పెద్దవాళ్లు రాసి, వేలు పెట్టి చదివించవచ్చు. సోమవారం తరగతిలో నాలుగు జవాబులు చదివిస్తే ఏది నమ్మేలా ఉందో పిల్లలే తేలుస్తారు. తమిళ యాస వచ్చిందని, మన పల్లె మాట పడిందని మధ్యలో ఆపి దిద్దకండి. ముందు కథ పూర్తి కానివ్వండి.

సీరియల్ లేని ఇంట్లో అవ్వ కథ ఉంది. తెలుగుసీమ నుంచి పారిపోయి వస్తుంటే ఏరు అడ్డం వచ్చిందని, కానుగ చెట్టు వంగి దారి ఇచ్చిందని చెప్పుకునే కుటుంబాలు మన దక్షిణాన ఉన్నాయి. ఎవరు తరిమారు? ఎందుకు? ఒక్కో ఇంట్లో ఒక్కో జవాబు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ ఇలాంటి వలస జ్ఞాపకాలనే ‘గోపల్ల గ్రామం’ నవలగా రాశారు. రాసింది తమిళంలో.

అదే కథను తెలుగులో రాయగల చేతులు మన బడుల్లోనే పెరుగుతున్నాయి. కార్తీక్ అనుమానం తీరకపోయినా మనకు నష్టం లేదు. అవ్వ చెప్పేది రాసుకోకపోతే మాత్రం మళ్లీ వినిపించడానికి ఏ చానలూ ఉండదు. ఈ ఆదివారం ఒక నోటు పుస్తకం తీసి, బిడ్డను అవ్వ పక్కన కూర్చోబెట్టండి.