జ్వరం విడిచినా వంగని మోకాలు

ఐ.పోలవరం పరిసరాల మసీదుల్లో వెనుక వరుసలోని కుర్చీలను గమనించండి. వాటిలో కూర్చొని నమాజు చేసేవారందరూ వృద్ధులు కారు. “జ్వరం వచ్చి పోయింది హజ్రత్, అప్పటినుండి సజ్దాకు మోకాలు వంగడం లేదు” అని నలభై ఏళ్ళవారు సైతం చెబుతుంటారు. వారిలో పలువురికి షుగర్ కూడా ఉంటుంది.

ఈ కీళ్ళజ్వరం గోదావరి సీమకు కొత్తది కాదు. 1952-53లో నేటి టాంజానియాలో గుర్తించిన చికున్‌గున్యా, 1960ల మధ్యలోనే కాకినాడ, రాజమహేంద్రవరాలను తాకింది. 2005 చివర రాష్ట్రానికి తిరిగివచ్చింది. 2006లో దేశం మొత్తంమీద సుమారు 14 లక్షల అనుమానిత కేసులు నమోదయ్యాయి. మాకొండే భాషలో ఆ పేరు నొప్పికి వంగిపోవడాన్ని సూచిస్తుంది.

తీవ్రమైన జ్వరంలో శరీరం తన కండరాలలోని మాంసకృత్తులనే కరిగించి వాడుకుంటుంది. తిండి సహించదు, రోగి మంచం దిగడు. కండ మరింత తరుగుతుంది. భోజనానంతరం రక్తంలోని చక్కెరను అధికంగా గ్రహించేది కండరమే కనుక, అది తరిగినకొద్దీ షుగర్ అదుపు తప్పుతుంది. షుగర్ అదుపు తప్పితే కండ ఇంకా క్షీణిస్తుంది. మధుమేహుల ఎముకలు పరీక్షలో దట్టంగానే కనిపించినా, విరిగే ప్రమాదం ఇతరులకన్నా ఎక్కువ.

ఒక మాట కటువుగానే చెప్పాలి. నొప్పి తాళలేక కొందరు చీటీ లేకుండా స్టెరాయిడ్ మాత్రలు కొని నెలల తరబడి మింగుతున్నారు. హాయిగానే ఉంటుంది, లోలోపల ఎముక గుల్లబారుతుంది, కండ సన్నగిల్లుతుంది, చక్కెర పెరుగుతుంది. అలాగని వాటిని హఠాత్తుగా మానరాదు. వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా తగ్గించుకోవాలి. మూడు నెలలు దాటినా కీళ్ళవాపు ఉంటే కీళ్ళ వైద్యునికి చూపించాలి.

నిలబడలేని రోగి కూర్చొని, అదీ చేతకాకుంటే పక్కకు ఒరిగి నమాజు చేసే వెసులుబాటును దైవప్రవక్త (సఅసం) ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) గారికి తెలియజేశారు. అది అశక్తునికి కారుణ్యం. శక్తి వచ్చాక కొనసాగించే అలవాటు కాదు. జ్వరం తగ్గిన వెంటనే ఇంట్లోనే నాలుగడుగులు నడవాలి. చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేవడం రోజూ కొంత సాధన చేస్తే తొడకండ తిరిగి పట్టు చిక్కించుకుంటుంది. గుడ్డు, చేప, పెసరపప్పు వంటివి భోజనంలో ఉండాలి.

మన స్త్రీల సంగతి మరీ శ్రద్ధ కోరుతుంది. అందరూ తిన్నాక మిగిలినది తిని, ఎండపొడ లేని వంటగదిలోనే రోజంతా గడిపే తల్లికి జ్వరం వస్తే, కోలుకోవడానికి ఆమె ఒంట్లో నిల్వ ఏముంటుంది? పెరట్లో చాటు కట్టి కాసేపు ఎండలో కూర్చోనివ్వండి. అదే పెరట్లో నీరు నిలిచిన కొబ్బరి చిప్పలను బోర్లించండి. పగటిపూట కుట్టే ఆ దోమ పుట్టేది వాటిలోనే.