ఆరు జతల మేజోళ్లు

పిల్లవాడు గోడ మీంచి దూకితే తల్లి కేకలేస్తుంది గాని ఆశ్చర్యపోదు. అదే పని వాడి తండ్రి చేస్తే వీధి వీధంతా తలుపులు తీసుకుని చూస్తుంది. పెద్దవాడు దిగాలే గాని దూకకూడదని మనకెవరో చెప్పి పెట్టినట్టుంటుంది. అటువంటిది, మీసాలు వచ్చి, ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు చలిదేశాలలో కాళ్లకు స్కీలు బిగించుకుని, మంచుకొండ మీంచి గాలిలోకి దూకటం ఓనమాల దగ్గర్నుంచి నేర్చుకుంటున్నారంటే వాళ్ల సంగతి కాస్త వినవలసిందే.

ఇటువంటి వాళ్లందరిలోకీ పేరుపడ్డవాడు ఎడ్డీ ఎడ్వర్డ్స్. ఇంగ్లండులోని చెల్టన్‌హామ్ అతని ఊరు. వృత్తి గోడలకు పూత పూయటం. మన మాటల్లో తాపీపని. మంచు మీద వేగంగా జారే పందాల్లో గట్టివాడే గాని, 1984 ఒలింపిక్స్‌కు బ్రిటిష్ జట్టులో చోటు దక్కలేదు. చేతిలో డబ్బూ ఆడలేదు. అప్పుడతని కన్ను స్కీ జంపింగ్ మీద పడింది. ఖర్చు తక్కువ. పైగా బ్రిటన్‌లో పోటీకి మరొకడు లేడు. 1928 తరవాత ఒలింపిక్స్‌లో ఆ దేశం తరఫున దూకినవాడే లేడు! ఇరవై రెండేళ్ల వయస్సులో అమెరికాలోని లేక్ ప్లాసిడ్‌లో అతను అభ్యాసం మొదలుపెట్టాడు. సామగ్రి శిక్షకుడిదే. ఆ బూట్లు వదులై, ఆరు జతల మేజోళ్లు తొడిగితే గాని కాలికి అంటలేదు.

ఇక్కడ కాస్త ఆగి ఆటేమిటో చెప్పుకోవాలి. మన వైపు మంచు అంటే ధనుర్మాసంలో ముగ్గు మీద కురిసే తడి. నార్వే వాళ్లకు మంచంటే నేల. ఈ ఆట పుట్టిందీ అక్కడే. కొండ మీది నుంచి ఏటవాలుగా ఒక బాట దిగుతుంది. అందులో రెండు స్కీలకు రెండు గాడులుంటాయి. ఆటగాడు మోకాళ్లు ముడుచుకుని, రొమ్ము తొడలకు ఆనించి, చేతులు వెనక్కి చాచి ఆ గాడుల్లో జారతాడు. చేతికర్ర వుండదు, ఆపటానికి బ్రేకూ వుండదు. బాట హఠాత్తుగా తెగిపోతుంది. తెగిన ఆ అంచు మీద కాళ్లు తన్ని లేవాలి. పెద్ద కొండల మీద అప్పటికి వేగం గంటకు 90 కిలోమీటర్ల దాకా వుంటుంది. అంటే సెకండుకు 25 మీటర్లు. సెకండులో పదోవంతు ఆలస్యమైతే రెండున్నర మీటర్లు దాటిపోయినట్టే. తన్నటానికి కాలికింద అంచే వుండదు.

చూసేవాళ్లకు ఆ మనిషి ఆకాశంలోకి ఎగిరినట్టుంటుంది. నిజానికి ఆ అంచు పైకి లేచి వుండదు, కొంచెం కిందికే వాలి వుంటుంది. దాని దిగువన కొండచరియ కూడా మనిషి పడే దారి వెంబడే పడిపోతూ వుంటుంది. అందుచేత అతని పాదాలకూ నేలకూ మధ్య ఎప్పుడూ కొద్ది మీటర్లే ఎడం. దిగేటప్పుడు నేల ఎదురొచ్చి కొట్టదు. పక్కన నడుస్తున్నవాడు చెయ్యి అందించినట్టు మెల్లగా అందుకుంటుంది. వంద మీటర్లు ఎగిరినవాడు కాళ్లు విరక్కుండా నిలబడటంలో మర్మం ఇదే. చరియ అయిపోయి నేల చదునయ్యే చోటుదాకా ఎగిరితేనే గండం.

ఇదంతా పుస్తకంలో చదివితే బోధపడుతుంది. అంచు మీద నిలబడ్డ ఒంటికి బోధపడదు. పెద్దవాడికి వచ్చిన చిక్కల్లా అక్కడే. కింద లోయ కనబడగానే నడుము దానంతటది వెనక్కి వాలుతుంది. మెట్లు దిగుతున్నప్పుడు కాలు జారితే మనం చేసేదీ అదే. ఇన్నేళ్లూ మనల్ని కాపాడిందీ అదే. ఇక్కడ మాత్రం అదే పడేస్తుంది. వెనక్కి వాలితే స్కీలు ముందుకు పరుగెత్తుతాయి, మనిషి వెనక చతికిలబడతాడు. ముందుకు, ఆ భయం వున్న వైపుకే, ఒళ్లు అప్పగించాలి. నాలుగైదేళ్ల నార్వే పిల్లకు ఇది చెప్పనక్కరలేదు. నలభై ఏళ్ల గుమాస్తాకు వందసార్లు చెప్పాలి.

అందుకని మొదటిరోజే దూకించరు. ముందు దిగే చరియ మీదే, వంకర తిరక్కుండా, తిన్నగా అడుగుదాకా జారటం. చదును నేల మీద ముడుచుకుని కూర్చుని, ఎదురుగా నిలబడ్డ శిక్షకుడి చేతుల్లోకి లేవటం. మహేంద్రగిరి మీద హనుమంతుడికైనా జాంబవంతుడు వచ్చి నీ బలం ఇంత అని చెప్పవలసి వచ్చింది గదా! ఆ తరవాత పది మీటర్ల బుల్లికొండ. మొదటి గెంతు కొద్ది మీటర్లు, సెకండుకు లోపే. కళ్లు మూసి తెరిచేలోపల అయిపోతుంది, మూసుకోకూడదు సుమండీ! మంచే అక్కరలేదు కూడా. 1954లో తూర్పు జర్మనీ శిక్షకుడు హాన్స్ రెన్నర్ ప్లాస్టిక్ చాపలు పరిచి దూకే పద్ధతి కనిపెట్టాక, వాటిని నీళ్లతో తడిపి ఎండాకాలంలోనూ దూకుతున్నారు.

ఎడ్వర్డ్స్ ఈ మెట్లన్నీ ఎక్కాడు. చేతిలో పైసాలేక, ఫిన్లండులో ఒక పిచ్చాసుపత్రిలో బస చేశాడు. రోగిగా కాదు, అద్దె భరించలేక! ఒలింపిక్స్‌కు అర్హుడయ్యావన్న కబురు అక్కడే అందింది. 1988లో కాల్గరీలో అతని బరువు 82 కిలోలు. పోటీలో అతని తరవాత బరువైనవాడికంటే తొమ్మిది కిలోలు ఎక్కువ. దళసరి కళ్లద్దాలు, చలికి మసకబారేవి. పెద్దకొండ మీద ఫిన్లండు వీరుడు మట్టి నైకనెన్ వంద మీటర్లు దాటి దూకి స్వర్ణం పట్టుకుపోయాడు. మన మేస్త్రి 71 మీటర్లు దూకాడు. రెండు పందాల్లోనూ ఆఖరివాడే. అయినా 71 మీటర్లు బ్రిటన్‌కు అప్పటికి రికార్డు. జనం అతన్ని ‘ఈగిల్’ అని పిలిచారు.

కొందరు ఆటను నవ్వులపాలు చేశాడన్నారు. 1990లో ఒలింపిక్ సంఘం అర్హత నియమాలు బిగించింది. నాకు ఆ నియమం అన్యాయంగా తోచదు. ఆ కొండ మీద ప్రాణం తీయగల గాలి వీస్తుంది. సరదాకు వచ్చినవాణ్ణి అక్కడిదాకా రానివ్వరాదు. కాని అతను సరదాకు రాలేదు. నవ్వినవాళ్లలో ఎందరు ఆ అంచు దాకా మెట్లెక్కి, కిందికి చూసి, ముందుకు వాలగలరో చెప్పండి.

బాల్యంలోనే మొదలుపెడితే ఎంతదూరం పోవచ్చునో జపాను నోరియాకి కసాయ్ చూపించాడు. 2014లో సోచీలో వెండిపతకం గెలిచేనాటికి అతనికి నలభై ఒకటి. దాదాపు నా ఈడువాడు. ఆడవాళ్లకు ఒలింపిక్స్‌లో ఈ ఆట తలుపు తెరుచుకున్నదీ ఆ ఏడే. ఆలస్యంగా వచ్చినవాడికి అటువంటి దూరాలు రావు. ఎడ్వర్డ్స్ 1992కూ, 1994కూ, 1998కూ ప్రయత్నించాడు. మూడుసార్లూ అర్హత రాలేదు.

తరవాత అతను లీసెస్టర్‌లో విశ్వవిద్యాలయంలో చేరి న్యాయశాస్త్రం చదివాడు. 2003లో పట్టా పుచ్చుకున్నాడు, ముప్ఫయి తొమ్మిదో ఏట. మా కాలేజీలో ఆ వయస్సులో ఒకాయన చేరటానికి వస్తే, అటెండరు లేచి నమస్కారం పెట్టి, ప్రిన్సిపాలు గారి గదిలో కుర్చీ వేస్తాడు.