అద్దం లేని కెమెరాకు ఫోకస్ ఎలా కుదురుతుంది?

పెళ్లిళ్లకు ఫొటోలు తీసే ఒక పాఠకుడి ప్రశ్న ఇది: "పాత కెమెరాలో ఫోకస్ చూసే పరికరానికి వెలుగు అద్దం ద్వారానే అందేది కదా, కొత్త కెమెరాలో అద్దమే తీసేశారు, మరి తలంబ్రాలు పోస్తున్న పెళ్లికూతురి కన్ను ఎక్కడుందో అది క్షణంలో ఎలా పట్టేస్తోంది?" ఈ ప్రశ్నకు జవాబు నాలుగు వందల ఏళ్ల కిందట ఒక మతగురువు అట్టముక్కకు పొడిచిన రెండు చిల్లుల్లో ఉంది.

ముందు రెండు ముక్కల్లో నేపథ్యం. డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్స్ వెనక ఏటవాలుగా ఒక అద్దం ఉంటుంది. వెలుగును పైనున్న వ్యూఫైండర్‌లోకి మళ్లించి, బటన్ నొక్కగానే లేచి తప్పుకుంటుంది. దానికి చోటివ్వడానికి లెన్స్ బిగించే అంచుకూ సెన్సర్‌కూ మధ్య కెనాన్ ఈఎఫ్‌లో 44 మిల్లీమీటర్లు, నికాన్ ఎఫ్‌లో 46.5 మిల్లీమీటర్లు వదలాల్సి వచ్చింది. అద్దం లేని సోనీ ఇ మౌంట్‌లో ఆ దూరం 18 మిల్లీమీటర్లే. 2014లో వచ్చిన సోనీ ఏ6000 బ్యాటరీ, కార్డు కలుపుకొని 344 గ్రాములు తూగుతుంది. ఈ అద్దం లేని (మిర్రర్‌లెస్) కెమెరాల గొప్పతనం గురించి దుకాణాల్లో వినిపించే మాటలు చాలావరకు ఈ బరువు దగ్గరే ఆగిపోతాయి. అసలు గొప్పతనం ఫోకస్‌లో ఉంది.

మొదట్లో అది గొప్ప కాదు, పెద్ద లోపం. 2008లో పానాసోనిక్ తెచ్చిన లూమిక్స్ జీ1 లాంటి తొలి మిర్రర్‌లెస్ కెమెరాలు కాంట్రాస్ట్ డిటెక్షన్ మీద ఆధారపడ్డాయి. దృశ్యంలోని అంచులు ఎంత పదునుగా ఉన్నాయో సెన్సర్ కొలుస్తుంది. లెన్స్‌ను కాస్త జరిపి మళ్లీ కొలుస్తుంది. పదును పెరిగితే అటే సాగుతుంది, తగ్గితే వెనక్కి తిరుగుతుంది. చీకట్లో గుట్ట ఎక్కేవాడికి నాలుగడుగులు కిందికి దిగితే తప్ప శిఖరం దాటిపోయిందని తెలియనట్టే ఈ కెమెరాకూ శిఖరం దాటాకే తెలుస్తుంది. కదలని వస్తువుల విషయంలో ఈ పద్ధతి చాలా కచ్చితం. పరుగెత్తే పిల్లవాడి విషయంలో మాత్రం లెన్స్ ముందుకూ వెనక్కూ ఊగి తేల్చుకునేలోపు వాడు అక్కడ ఉండడు.

ఎటు తిరగాలో, ఎంత తిరగాలో ఒక్క చూపుతో చెప్పే ఉపాయం క్రిస్టఫ్ షైనర్‌ది. ఈ జర్మన్ జెసూట్ గురువు సూర్యుడి మీది మచ్చలను చుట్టూ తిరిగే చిన్న గ్రహాలనుకుని, గెలీలియోతో వాదనకు దిగి పొరబడ్డాడు. కంటి విషయంలో మాత్రం ఆయన లెక్క తప్పలేదు. 1619లో ‘ఓక్యులస్’ అనే గ్రంథంలో ఆయన వివరించిన ప్రయోగం ఎవరైనా ఇంట్లో చేసి చూడవచ్చు.

పాత శుభలేఖ నుంచి ఒక అట్టముక్క కత్తిరించి, గుండుసూదితో పక్కపక్కన రెండు చిల్లులు పొడవాలి. మధ్య ఎడం రెండు మిల్లీమీటర్లు మించకూడదు, రెండూ కంటిపాప వెడల్పులో ఇమడాలి. అట్టను ఒక కంటికి ఆనించి, రెండో కన్ను మూసి, ఒక సూదిని జానెడు దూరంలో నిలువుగా పట్టుకుని, చూపును మాత్రం కిటికీ అవతల దూరంగా నిలపాలి. ఒక్క సూది రెండుగా కనిపిస్తుంది! చూపును సూది మీదికి తెచ్చేకొద్దీ ఆ రెండూ దగ్గరై ఒకటవుతాయి. ఫోకస్ ఎంత తప్పితే ఎడం అంత ఎక్కువ.

ఇంకో మెట్టు ఉంది. చూపు దూరంగా ఉన్నప్పుడు కుడి చిల్లు మూస్తే ఎడమవైపు సూది మాయమవుతుంది. ఇప్పుడు సూదిని చేతికి అందినంత దూరం జరిపి, దానికన్నా దగ్గరగా మరో సూది పెట్టి చూపు దాని మీద నిలిపి, అదే కుడి చిల్లు మూస్తే, దూరపు సూది రూపాల్లో ఈసారి కుడివైపుది పోతుంది. అంటే ఏ చిల్లు ఏ రూపాన్ని తెస్తోందో తెలిస్తే ఫోకస్ ముందుకు తప్పిందో వెనక్కి తప్పిందో చెప్పేయవచ్చు. ఎడం ఎంతో చెబుతుంది, పక్క ఎటో చెబుతుంది. ఫేజ్ డిటెక్షన్ అంటే ఇంతే. రెండు చిల్లుల స్థానంలో లెన్స్ ఎడమ సగం, కుడి సగం నిలుస్తాయి.

డీఎస్‌ఎల్‌ఆర్ కూడా ఇదే సూత్రాన్ని వాడుకుంది. పెద్ద అద్దం గుండా కొంత వెలుగు దాటిపోతే, వెనకనున్న చిన్న అద్దం దాన్ని అడుగున ఉన్న ప్రత్యేక పరికరానికి పంపేది. ఈ విద్యకు ఎంత విలువ ఉందంటే, 1985లో ఆటోఫోకస్‌ను బాడీలోనే ఇమిడ్చిన మినోల్టా 7000తో సంచలనం రేపిన మినోల్టా, హనీవెల్ వేసిన పేటెంట్ దావాలో 1992లో ఓడి 12.75 కోట్ల డాలర్లకు రాజీ పడాల్సి వచ్చింది. కానీ ఆ అమరికలో ఒక చిక్కు ఉండిపోయింది. ఫోకస్ కొలిచే చోటు ఒకటి, ఫొటో పడే చోటు మరొకటి. రెండు దారుల పొడవు వెంట్రుకవాసి తేడా వచ్చినా కంటి మీద ఉండాల్సిన ఫోకస్ చెవి మీద పడేది.

మిర్రర్‌లెస్‌లో ఆ కొలత సెన్సర్ మీదికే వచ్చింది. కొన్ని పిక్సెళ్లకు ఎడమ సగం, మరికొన్నిటికి కుడి సగం కప్పేస్తే, ఒక గుంపు లెన్స్‌లో ఒక సగం నుంచి, రెండో గుంపు రెండో సగం నుంచి వచ్చే వెలుగునే చూస్తుంది. రెండు గుంపుల సంకేతాలు ఎన్ని పిక్సెళ్ల మేర జరిగి ఉన్నాయో లెక్కకట్టి, ఇటు ఇంత తిరగమని ప్రాసెసర్ లెన్స్ మోటారుకు చెబుతుంది. ఏ6000లో ఇలా ఫోకస్ కొలిచే కేంద్రాలు 179. కెనాన్ 2013లో 70డీ కెమెరాతో ఇంకా ముందుకు వెళ్లి, ఒక్కో పిక్సెల్ కిందే రెండు ఫొటోడయోడ్లు పెట్టింది. అప్పుడు ఏ పిక్సెల్‌నూ కప్పనక్కర్లేదు, ఏదీ వృథా కాదు. కొలిచే చోటూ ఫొటో పడే చోటూ ఒకటే కావడంతో పాత చిక్కు వేరుతో సహా పోయింది.

ఈ దారి అందరికీ వెంటనే కలిసిరాలేదు. నికాన్ 2011లోనే నికాన్ 1 శ్రేణిలో సెన్సర్ మీద ఫేజ్ డిటెక్షన్ తెచ్చింది. కానీ 13.2 × 8.8 మిల్లీమీటర్ల చిన్న సెన్సర్‌కు ముడిపెట్టడంతో ఆ శ్రేణి 2018లో ముగిసిపోయింది. పానాసోనిక్ అయితే 2014 నుంచి లెన్స్ మసక తీరును బట్టి దూరం అంచనా వేసే సొంత పద్ధతిని పట్టుకుని వేలాడింది. వీడియోలో ఫోకస్ ఊగుతోందని వాడేవాళ్లు మొత్తుకున్నా, ఫేజ్ డిటెక్షన్‌కు మారింది 2023లో, లూమిక్స్ ఎస్5 మార్క్ 2తోనే.

సెన్సర్‌కు ఇన్ని పనులు అప్పగించినందుకు మూల్యమూ ఉంది. చూడటానికి, కొలవడానికి అది ఎప్పుడూ మేలుకొనే ఉండాలి. ఒక్క ఛార్జింగుతో ఏ6000 తెర మీద చూస్తూ సుమారు 360 ఫొటోలు తీస్తే, అదే ఏడాది వచ్చిన నికాన్ డీ3300 డీఎస్‌ఎల్‌ఆర్ 700 తీసేది. ముందు అద్దం లేదు కాబట్టి లెన్స్ మార్చేటప్పుడు దుమ్ము తేలిగ్గా సెన్సర్ మీదికే చేరుతుంది. బాడీ చిక్కినా లెన్స్ చిక్కదు: 200 మిల్లీమీటర్లు, ఎఫ్/2.8 కావాలంటే ముందు గాజు 71 మిల్లీమీటర్లకు తగ్గడానికి వీల్లేదు.

వీటన్నిటికన్నా ఆసక్తికరమైన లోపం షైనర్ అట్టలోనే బయటపడుతుంది. సూదిని అడ్డంగా పట్టుకుంటే జంట రూపం దాని పొడవు వెంటే జరుగుతుంది, మధ్య భాగంలో తేడా తెలియదు. సగాలను ఎడమ, కుడిగా మాత్రమే విడదీసే సెన్సర్‌కూ అడ్డగీతలు అలాగే కనిపించవు. పట్టుచీర అంచు ఫ్రేములో అడ్డంగా పడితే కెమెరా తడుముకుంటుంది, నిలువుగా తిప్పగానే టక్కున పట్టేస్తుంది. 2022లో వచ్చిన ఓఎం-1 కెమెరా ఒక్కో పిక్సెల్ కింద నాలుగు ఫొటోడయోడ్లు పెట్టి ఈ గుడ్డితనాన్ని పోగొట్టింది.

ఇక కొనేవాళ్ల సంగతి. ప్రకటనల్లో ఫోకస్ కేంద్రాల సంఖ్య పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అవి అడ్డగీతను చూడగలవో లేదో వెతికినా దొరకదు. కెనాన్ ఆర్6 మైనస్ 6.5 ఈవీ చీకట్లోనూ ఫోకస్ చేస్తుందన్న మాట నిజమే, కానీ అది ఎఫ్/1.2 లెన్స్‌తో. కెమెరాతో వచ్చే జూమ్ లెన్స్ ఎఫ్/5.6 దగ్గర దానికి సుమారు 20 రెట్లు తక్కువ వెలుగు ఇస్తుంది, రెండు సగాల మధ్య ఎడమూ తగ్గిపోతుంది. ఈ వివరం పెద్ద అక్షరాల్లో వేసేదాకా పరీక్ష కొనేవాడే చేసుకోవాలి: తాను వాడబోయే లెన్స్‌నే బిగించమని అడిగి, మసక వెలుతురులో ఒక అడ్డగీత మీద ఫోకస్ పెట్టి, ఆపైన కెమెరాను నిలువుగా తిప్పి అదే గీతను మళ్లీ చూడాలి.