వేపాకును చూసి గీద్దాం

మీ ఇంట్లో చిన్న తమ్ముడో, చెల్లెలో ఉన్నారా? ఒక కాగితం, పెన్సిలు ఇచ్చి, చెట్టును చూడనివ్వకుండా "వేపాకు బొమ్మ గియ్యి" అనండి. ఏం గీస్తారో తెలుసా? రెండు వంపు గీతలు, మధ్యలో ఒక నిలువు గీత. మామిడాకు గియ్యమన్నా, జామాకు గియ్యమన్నా దాదాపు అదే బొమ్మ! వాళ్ళు గీసింది మనసులో ఉన్న ఆకునే గాని, చెట్టున ఉన్న ఆకును కాదు.

ఇప్పుడు ఒక వేపరెమ్మను ముందు పెట్టి, చూస్తూ గియ్యమనండి. తొందరపెట్టకండి. రబ్బరు ఇవ్వకండి.

ఒకసారి మా పక్కింటి రెండో తరగతి పిల్లవాడు ఇలా గీసిన బొమ్మ తెచ్చి చూపించాడు. అందులో ప్రతి చిన్న ఆకూ నడిమి ఈనెకు ఒక పక్క వెడల్పుగా, రెండో పక్క సన్నగా, కొడవలిలా వంగి ఉంది. "రెండు పక్కలా సమానంగా ఉండాలి నాయనా" అంటూ దిద్దబోయాను. వాడు మారుమాట్లాడకుండా రెమ్మ తెచ్చి నా చేతిలో పెట్టాడు. చూద్దును గదా, వాడిదే నిజం! ఇన్నేళ్ళుగా నల్లబల్ల మీద నేను గీస్తున్నదే తప్పు.

వేపలో మరో విశేషం కూడా ఉంది. మనం రెమ్మ అంటున్నది నిజానికి ఒకే ఒక ఆకు! దానికి అటూ ఇటూ రంపపు అంచులతో ఉన్నవి పత్రకాలు. ఇలాంటి ఆకును సంయుక్త పత్రం అంటారు. ఆ సంగతి ఎలా తెలుస్తుంది? ఆకు కాడ కొమ్మకు అతికేచోట, పైమూలలో ఒక చిన్న మొగ్గ ఉంటుంది. పత్రకాల మొదట్లో అలాంటి మొగ్గ ఉండదు. మామిడాకు కాడ మొదట్లో వెతకండి, మొగ్గ కనిపిస్తుంది. కనుక మామిడిది సరళ పత్రం.

బొమ్మకు రంగులు కొననక్కరలేదు. లేత ఆకును కాగితంపై రుద్దితే పత్రహరితం అంటుకొని ఆకుపచ్చ వస్తుంది. పసుపును నీళ్ళలో కలిపి పూస్తే పసుపు రంగు. అది ఆరాక దానిపై బట్టల సబ్బు నీళ్ళు పూయండి. ఎర్రబడుతుంది! సబ్బు నీటికి క్షార గుణం ఉంది. పసుపులోని రంగు పదార్థం క్షారంతో ఎర్రగా మారుతుంది. అక్కడే నిమ్మరసం చుక్క వేస్తే మళ్ళీ పసుపు రంగే.

చూసి గీయడం పిల్లల ఆట మాత్రమే అనుకోకండి. 18వ శతాబ్దం చివర సామర్లకోటలో ఉండిన విలియం రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు, వృక్షశాస్త్రజ్ఞుడు, స్థానిక చిత్రకారులచేత ఇక్కడి మొక్కల బొమ్మలు వేయించాడు. 1795 నుంచి లండన్‌లో మూడు సంపుటాలుగా వెలువడిన కోరమండల్ తీరపు మొక్కల గ్రంథంలో 300 చిత్రాలున్నాయి. వాటికి మూలం ఆ చిత్రకారులు గీసిన బొమ్మలే. అవి నేటికీ మొక్కలను గుర్తించడానికి పనికివస్తున్నాయి.

చిన్నవాళ్ళు గీసిన రెండు బొమ్మలనూ పక్కపక్కన అతికించి, తేదీ, చెట్టు పేరు రాయండి. తర్వాత మీరూ ఒకటి గీయండి. వాళ్ళు చూసింది మీరు చూశారో లేదో తేలిపోతుంది.