వర్సిటీకి పేరు తెచ్చేదెవరు? సూరత్ చెప్పే లెక్క

పవర్‌లూమ్‌లను నమ్ముకుని తెలంగాణ పల్లెల నుంచి సూరత్ వెళ్లిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, ఉధనా వైపు తరాలుగా ఉంటున్నాయి. ఆ ఊరి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతోందంటే మనవాళ్లు అక్కడ ఎంతగా స్థిరపడ్డారో తెలుస్తుంది. ఆ పిల్లలు డిగ్రీ వయసుకొచ్చేసరికి చాలామందికి అందుబాటులో కనిపించే ప్రభుత్వ వర్సిటీ ఒక్కటే: వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం. అప్పుడు ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న, ‘అక్కడ చదివి పైకొచ్చినవాళ్లు ఎవరున్నారు?’ అని. ప్రశ్న సబబే. అయితే ప్రాంతీయ విశ్వవిద్యాలయాల విషయంలో దానికి జవాబు వెతికే పద్ధతి వేరు.

పట్టా ఒకరిది, పాఠం ఒకరిది

ఈ విశ్వవిద్యాలయం 1965లో దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయంగా పుట్టింది. యూజీసీ గుర్తింపు 1968లో వచ్చింది. 2004లో కవి నర్మద్ పేరు చేర్చారు. ఉధనా–మగ్దల్లా రోడ్డులో దీని ప్రాంగణం ఉంది. పీజీ విభాగాలు ప్రధానంగా అక్కడే ఉంటాయి. డిగ్రీ విద్యార్థుల్లో అత్యధికులు చదివేది మాత్రం సూరత్, నవసారి, వల్సాడ్, భరూచ్, తాపి, డాంగ్ వంటి జిల్లాల్లోని అనుబంధ కాలేజీల్లో. సిలబస్, పరీక్ష, పట్టా విశ్వవిద్యాలయానివి; పాఠం, హాజరు, మైదానం కాలేజీవి. అందుకే పట్టా మీద వైస్ ఛాన్సలర్ సంతకం ఉన్నా, ‘మీరెక్కడ చదివారు?’ అని అడిగితే ఎవరైనా ముందు కాలేజీ పేరే చెబుతారు.

కాలం కూడా చిక్కు తెస్తుంది. సూరత్ ఎంటీబీ ఆర్ట్స్ కాలేజీ 1918 నాటిది. మొదట అది బొంబాయి విశ్వవిద్యాలయం కింద ఉండేది. 1949 చట్టంతో గుజరాత్ విశ్వవిద్యాలయం వచ్చాక దాని కిందికి, 1965 తరవాత దక్షిణ గుజరాత్ కిందికి వచ్చింది. ఒకే తరగతి గదిలో తాత, తండ్రి, మనవడు చదివితే ముగ్గురి పట్టాల మీదా మూడు విశ్వవిద్యాలయాల ముద్రలు ఉండొచ్చు. మరి తాత ఏ వర్సిటీ ‘పూర్వ విద్యార్థి’? ప్రముఖుల జాబితా చూసినప్పుడు ముందు చదివిన సంవత్సరం అడగాలనడం ఇందుకే.

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఈ చిక్కు తక్కువ. 1926లో మొదలైన ఆ వర్సిటీకి వాల్తేరు ప్రాంగణంలో బలమైన విభాగాలు త్వరగానే ఏర్పడ్డాయి. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు ఎంఏ గణితం చదివింది అక్కడే. అందుకే ఆయన పేరు నేరుగా వర్సిటీ ఖాతాలో పడింది. ప్రాంగణం పెద్దదయితే ఖ్యాతి వర్సిటీకి, కాలేజీలు పెద్దవయితే ఖ్యాతి కాలేజీలకు దక్కుతుంది. సూరత్‌లో జరిగింది రెండోది.

పేరు పెట్టుకున్న కవి

గుమ్మం మీద పేరున్న నర్మద్ కూడా ఇక్కడి విద్యార్థి కాదు. 1833లో సూరత్‌లో పుట్టి బొంబాయి ఎల్ఫిన్‌స్టన్‌లో చదివాడు. 1858లో బడిపంతులు ఉద్యోగం వదిలి, ఇక కలమే బతుకుదెరువన్నాడు. ఒంటి చేత్తో ‘నర్మకోశ్’ నిఘంటువు కూర్చాడు. వితంతు వివాహాల కోసం వాదించి, తానే ఒక వితంతువును పెళ్లాడాడు. మన కందుకూరి వీరేశలింగం 1881లో రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించడానికి పుష్కరం ముందటి మాట ఇది. గిడుగు జయంతి ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకున్నట్టే, గుజరాతీలు నర్మద్ పుట్టిన ఆగస్టు 24ను తమ భాషకు కేటాయించుకున్నారు. అంటే ఆ పేరు ఆ ప్రాంతం ఎంచుకున్న ఆదర్శం మాత్రమే. దాన్ని వర్సిటీ సాధించిన ఘనతల్లో కలపకూడదు.

గురువుల వరస

అధ్యాపకుల విషయంలో సూరత్‌కు చెప్పుకోదగ్గ చరిత్రే ఉంది. న్యాయశాస్త్ర పండితుడు ఉపేంద్ర బక్షీ 1982 నుంచి 1985 వరకు ఇక్కడ వైస్ ఛాన్సలర్. మథుర అనే అమ్మాయిపై జరిగిన అత్యాచారం కేసులో పోలీసులను నిర్దోషులుగా వదిలేసిన తీర్పును ప్రశ్నిస్తూ 1979లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాసిన నలుగురు అధ్యాపకుల్లో ఆయన ఒకరు. ఆ లేఖతో రేగిన ఉద్యమం ఫలితంగా 1983లో అత్యాచార చట్టం మారింది. అప్పటికి ఆయన సూరత్‌లోనే పదవిలో ఉన్నారు. తరవాత ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా వెళ్లారు.

అదే ప్రాంగణంలో సెంటర్ ఫర్ సోషల్ స్టడీస్ అనే పరిశోధన సంస్థ ఉంది. సామాజిక శాస్త్రవేత్త ఐ.పి.దేశాయ్ 1969లో దానికి పునాది వేశారు. గ్రామీణ గుజరాత్‌లో అంటరానితనం మీద ఆయన చేసిన అధ్యయనం ఇప్పటికీ ప్రామాణికమే. అక్కడే పనిచేసిన ఘనశ్యామ్ షా, 1994 ప్లేగుకు సూరత్ ఎందుకు లోనయిందో, దాని వెనక నగర పారిశుద్ధ్యం ఎలా కుప్పకూలిందో పుస్తకంగా రాశారు. అయితే ఇది స్వయంప్రతిపత్తి గల సంస్థ, వర్సిటీ విభాగం కాదు. పొరుగు గొప్పను మన ఖాతాలో వేసుకోకూడదు గానీ, ఆ పొరుగు వల్ల విద్యార్థికి కలిగే మేలును తక్కువ చేయనూ కూడదు. వాల్తేరులోనూ మేలు ఇలాగే జరిగింది. రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలర్‌గా ఉన్న 1931–36 మధ్య హుమాయూన్ కబీర్, హిరేన్ ముఖర్జీ వంటి యువకులను తెచ్చి పాఠం చెప్పించారు. వాళ్లు ఎక్కువ కాలం ఉండలేదు, అయినా ఒక తరం మీద ఆ ముద్ర ఉండిపోయింది.

మైదానం లెక్క

ఇక ఆటలు. డాంగ్ జిల్లా గిరిజన పల్లెలో పుట్టిన సరితా గాయక్వాడ్ మొదట ఖోఖో ఆడేది. తరవాత పరుగుకు మళ్లి, 2018 జకార్తా ఆసియా క్రీడల్లో 4×400 మీటర్ల మహిళల రిలేలో హిమా దాస్, పూవమ్మ, విస్మయలతో కలిసి స్వర్ణం తెచ్చింది. సూరత్ కుర్రాడు హర్మీత్ దేశాయ్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో టేబుల్ టెన్నిస్ జట్టు స్వర్ణాల్లో భాగస్వామి. ఇద్దరూ ఈ ప్రాంతం బిడ్డలే. అంతమాత్రాన పతకం ఈ వర్సిటీది అనేయలేం. టేబుల్ టెన్నిస్ ఆటగాడు చిన్నప్పుడే క్లబ్బులో తయారవుతాడు. డిగ్రీలో చేరేనాటికి సగం దారి నడిచేసి ఉంటాడు.

వర్సిటీ నిజంగా తోడ్పడేది వేరే పిల్లలకు. కాలేజీ పీడీ (ఫిజికల్ డైరెక్టర్) పిల్లల్లో ఒకణ్ని గుర్తించి అంతర కళాశాలల పోటీకి పంపుతాడు. అక్కడ సెలెక్షన్స్ దాటితే వర్సిటీ జట్టులో చోటు, దారి ఖర్చులు, ట్రాక్‌సూట్. కబడ్డీ, వాలీబాల్ వంటి జట్టు ఆటలకు దేశం నాలుగు జోన్లు. సూరత్ పశ్చిమంలో, మన వర్సిటీలు దక్షిణంలో ఆడతాయి. జోన్‌లో పై స్థానాల్లో నిలిచినవే అఖిల భారత స్థాయికి వెళ్తాయి. 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్ ఆ పైమెట్టు. మొత్తం మీద మెరుగైన వర్సిటీకిచ్చే మౌలానా ఆజాద్ ట్రోఫీలో ఏళ్ల తరబడి పంజాబ్ వర్సిటీలదే పైచేయి. అక్కడ కోచ్‌లు, హాస్టళ్లు, మెస్ తిండి ఒక వ్యవస్థగా నడవడమే కారణం. పీడీ పోస్టు ఖాళీగా ఉన్న కాలేజీలో మొదటి మెట్టే ఉండదు. అక్కడి పిల్లవాడు ఎంత వేగంగా పరిగెత్తినా చూసే కన్ను లేదు.

ఏం అడగాలి?

కాబట్టి సూరత్‌లోనైనా, సిద్దిపేటలోనైనా బిడ్డను చేర్పించే ముందు ప్రముఖుల జాబితా పక్కన పెట్టండి. ఆ కాలేజీలో పర్మనెంట్ అధ్యాపకులు ఎందరో, గెస్ట్ ఫ్యాకల్టీ ఎందరో అడగండి. పీడీ ఉన్నాడా, గత ఏడాది వర్సిటీ జట్టుకు ఎవరైనా ఎంపికయ్యారా కనుక్కోండి. మొన్నటి బ్యాచ్ పిల్లలు ఇప్పుడేం చేస్తున్నారో నలుగురిని విచారించండి. ప్రాంతీయ విశ్వవిద్యాలయం అసలు పని ఒక ఇంట్లో మొదటి పట్టభద్రుణ్ని తయారు చేయడం. మగ్గం మీద బతికిన ఇంట్లోంచి వచ్చిన టీచరు, నర్సు, గుమాస్తా పేర్లు ఏ జాబితాకీ ఎక్కవు. అయినా వర్సిటీని కొలవాల్సింది వాళ్ల సంఖ్యతోనే.