విస్తరాకులు, పోక ప్లేట్లు: ఎప్పటిదాకా వాడొచ్చు, ఎప్పుడు మార్చాలి?



పోయిన ఏడాది నాట్లప్పుడు మా పొలంలో కూలీలకు, చుట్టాలకు కలిపి భోజనాలు పెట్టాం. అంతకుముందు పెళ్లిలో మిగిలిన పోక ప్లేట్ల కట్ట అటక మీద ఉంది. "కొత్తవి కొనడం ఎందుకు, ఇవి ఉన్నాయి కదా" అని దించాను. పైన నాలుగు ప్లేట్లు బాగానే ఉన్నాయి. ఐదోది తీసేసరికి ముక్కిన వాసన వచ్చింది. వెనక్కి తిప్పి చూస్తే నల్లటి చుక్కలు. మా అమ్మ చూసి ఒకటే మాట అంది: "మందు కొట్టని బియ్యం వండి, బూజు పట్టిన పళ్లెంలో పెడతావేంట్రా?"

ఆ మాట ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఈ విషయం మీతో పంచుకుంటున్నాను.

ఆకు పళ్లెం ఎందుకు పాడవుతుంది?

2022 జులై 1 నుంచి మన దేశంలో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాల మీద నిషేధం ఉంది. మోదుగాకు, అడ్డాకు విస్తర్లు, వక్క చెట్టు మట్టతో చేసిన పోక ప్లేట్లు వాడటం మంచిదే. కానీ ఒకటి గుర్తుంచుకోవాలి. నేలలో కలిసిపోయే గుణం ఉందంటే, సూక్ష్మజీవులు దాన్ని తినగలవని అర్థం. తేమ తగిలితే చాలు, ఆ పని నేలలోకి వెళ్లకముందే మన అటక మీదే మొదలవుతుంది.

కాబట్టి "కొని ఎన్ని నెలలైంది" అన్నది అసలు లెక్క కాదు. పొడిగా ఉంచిన కట్ట చాలాకాలం ఉంటుంది. వానకు తడిసిన కట్ట కొద్ది రోజుల్లోనే పోతుంది. తేదీ కాదు, ప్లేటునే చూడాలి.

నాలుగు పరీక్షలు

1. వాసన: కట్ట విప్పగానే ముక్కు దగ్గర పెట్టుకోండి. ఎండిన ఆకు వాసన, చెక్క వాసన వస్తే పర్వాలేదు. ముక్కిన వాసన వస్తే ఆ కట్టలో తినొద్దు.

2. మచ్చ: మట్టకు సహజంగా గోధుమ రంగు చారలు ఉంటాయి, వాటికి భయపడక్కర్లేదు. వేలితో రుద్దితే పొడిలా రాలే తెల్ల, పచ్చ, నల్ల మచ్చలైతే అది బూజు. గుడ్డతో తుడిచి వాడేద్దాం అనుకోవద్దు. బూజు పోగులు మట్ట లోపలికి వెళ్తాయి. వేరుశనగలో బూజు పట్టిన గింజల్ని తుడుచుకుని తినం కదా, ఏరి పారేస్తాం. ఇదీ అంతే.

3. నీళ్లు: విస్తరాకు మీద నీళ్లు చిలకరించి కొద్దిసేపు ఆగి మధ్యలో నొక్కండి. మెత్తబడి వంగితే మంచిది. పెళుసుగా విరిగినా, కుట్టు ఊడినా మార్చేయండి. పోక ప్లేటులో నీళ్లు పోసి అరగంట ఉంచండి. అడుగున చెమ్మ దిగితే అందులో పప్పు, పులుసు వడ్డించలేం.

4. పురుగు, ఎలుక: సన్న రంధ్రాలు, పిండిలా రాలే పొట్టు ఉంటే పురుగు తొలిచినట్టే. ఎలుక పెంటికలు కనిపిస్తే మాత్రం ఆలోచించకండి, కట్ట మొత్తం తీసేయండి. ఎలుక మూత్రంతో జ్వరాలు వచ్చే ప్రమాదం ఉంది.

కడిగి మళ్లీ వాడొచ్చా?

అన్నం, కూర తిన్న ప్లేటును వద్దు. నూనె, పులుసు మట్టలోకి ఇంకుతాయి, కడిగినా పూర్తిగా పోవు. పేలాలు, పల్లీల లాంటి పొడి తినుబండారాలు పెట్టిన పోక ప్లేటునైతే దులిపి, ఎండలో పెట్టి ఇంకోసారి వాడుకోవచ్చు. పగులు కనిపించిన రోజున దాని పని అయిపోయినట్టే.

దాచే పద్ధతి

కొనగానే కట్ట విప్పి ఒక పూట ఎండబెట్టండి. వేడి తగ్గాక గోనె సంచిలోనో, అట్టపెట్టెలోనో పెట్టి మధ్యలో బాగా ఎండిన వేపాకు వేయండి. పాలిథిన్ కవర్లో బిగించి కట్టొద్దు, లోపల చెమ్మ పడుతుంది. నేల మీద, గోడకు ఆనించి పెట్టొద్దు. వానాకాలం మొదట్లో ఒకసారి, ఫంక్షన్‌కు వారం ముందు ఒకసారి అడుగు ప్లేటు తీసి చూడండి. పైన ప్లేటు చూసి మోసపోవద్దు, నాలా!

పాడైనవి ఏం చేయాలి?

మనకు తినడానికి పనికిరానిది మన నేలకు పనికొస్తుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని ముక్కలు చేయండి. పేడ నీళ్లలో తడిపి కంపోస్టు గుంతలో పొరలుగా వేసి, పైన జీవామృతం చల్లండి. పోక మట్ట గట్టిది కాబట్టి ఆకు కంటే ఆలస్యంగా కుళ్లుతుంది, ముక్కలు చిన్నవైతే మేలు. తిన్న విస్తర్లయితే ముందు ఎంగిలి మెతుకులు దులపండి, లేకపోతే ఎలుకలు, కుక్కలు చేరతాయి.

ఇక్కడ ఒక పెద్ద జాగ్రత్త. ఇప్పుడు అంగట్లో దొరికే కొన్ని విస్తర్లకు ఆకు కింద పల్చటి ప్లాస్టిక్ పొర అంటిస్తున్నారు. కొన్నిటికి స్టాప్లర్ పిన్నులు కొడుతున్నారు. ఎంగిలి విస్తర్లను ఆవులు ఇష్టంగా తింటాయని మనకు తెలుసు. ఆ ప్లాస్టిక్, ఆ పిన్ను ఆవు కడుపులోకి వెళ్తే ప్రాణం మీదికొస్తుంది. కొనేటప్పుడే ఒక విస్తరి చించి చూడండి. పొర సాగితే అది ప్లాస్టిక్, తిరిగి ఇచ్చేయండి. వెదురు పుల్లతోనో, నూలు దారంతోనో కుట్టినవే అడగండి. బూజు పట్టిన వాటిని మాత్రం ఏ రకమైనా పశువులకు వేయొద్దు.

మా కట్టలో పోయిన ప్లేట్లన్నీ కంపోస్టు అయి బెండ మొక్కల మొదట్లోకి చేరాయి. ఆ రోజు భోజనాలు పక్క చేనులోంచి కోసుకొచ్చిన అరిటాకుల్లో జరిగాయి.

నాలుగు పరీక్షలూ ఎలా చేయాలో వీడియోలో చేసి చూపించాను. చూడండి, మీ ఇంట్లో ఉన్న కట్టను ఈ రోజే ఒకసారి దించి, అడుగు ప్లేటు వాసన చూడండి.