పాకుడు రాయి మీద పట్టు: ఏటిలో దిగే బూటు వెనుక శాస్త్రం

వానకు తడిసిన పట్టాల మీద రైలింజన్ చక్రాలు జారుతుంటే చక్రం ముందు సన్నని ఇసుక రాలుస్తారు. అందుకు ఇంజన్‌లోనే ఏర్పాటు ఉంటుంది. ఉక్కు చక్రానికీ ఉక్కు పట్టాకూ మధ్య చేరిన తడి పొరను ఆ ఇసుక రేణువులు చీల్చి, పోయిన పట్టును తిరిగి తెస్తాయి. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో, ఒకప్పుడు రైల్వే పనులకు వచ్చి ఝపటాపూర్ వంటి పేటల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది తెలియని సంగతి కాదు. ఇదే చిక్కు ఏటి అడుగున మనిషి పాదం కింద కూడా ఎదురవుతుంది. దాన్ని తీర్చడానికి తయారైనదే ‘వేడింగ్ బూటు’, అంటే నీళ్లలో నడవడానికి వేసుకునే బూటు.

నీళ్లలో నిలబడి వేసే గాలం

ఈ బూట్లు ఎక్కువగా వాడేది ఫ్లై ఫిషింగ్ చేసేవారు. ఇందులో గాలానికి ఎర ఉండదు. ఈకలు, వెంట్రుకలు, దారాలతో చేసిన పురుగు బొమ్మ ఉంటుంది. దానికి బరువు దాదాపు ఉండదు కాబట్టి దూరంగా విసరాలంటే దారమే బరువుగా ఉండాలి. ఆ దారాన్ని వెనక్కీ ముందుకీ ఊపడానికి చోటు కావాలి. గట్టున చెట్లు అడ్డం వస్తాయి. అందుకే గాలం వేసే మనిషి ఏటిలోకి దిగి నిలబడతాడు.

మన దేశంలో ఈ పద్ధతి ట్రౌట్ చేపలున్న చల్లని కొండ ఏళ్లలో కనిపిస్తుంది. కశ్మీర్‌లోని లిడ్డర్, హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ అలాంటివే. ట్రౌట్ మన చేప కాదు. 1900 ప్రాంతంలో బ్రిటిష్‌వారు దాన్ని కశ్మీర్‌కు తెచ్చారు. ఆ ఏళ్ల అడుగున గుండ్రాళ్లు, వాటి మీద నాచు, సూక్ష్మజీవులు కలిసి అల్లిన జిగురు పొర ఉంటాయి. మనం పాకుడు అనేది దాన్నే.

బరువు తగ్గుతుంది, తోపుడు పెరుగుతుంది

నేల మీద కంటే నీళ్లలో జారడం ఎందుకు తేలిక? కారణాలు మూడు. మొదటిది పాకుడు. రెండోది, నీరు మనిషిని పైకి ఎత్తడం. నడుము లోతు నీళ్లలో పాదాల మీద పడే బరువు దాదాపు సగానికి తగ్గుతుంది. పట్టు ఆ బరువు మీదే ఆధారపడుతుంది కాబట్టి అదీ సగానికి పడిపోతుంది. మూడోది ప్రవాహం. నీటి వేగం రెట్టింపైతే అది తోసే బలం నాలుగు రెట్లు అవుతుంది.

ఒక అంచనా లెక్క చూద్దాం. 70 కిలోల మనిషి నడుము లోతులో నిలబడితే పాదాల మీద పడేది సుమారు 35 కిలోలు. బూటుకూ రాయికీ మధ్య ఘర్షణ గుణకం 0.5 ఉంటే, దాదాపు 17 కిలోల బరువుకు సమానమైన తోపుడును అతడు తట్టుకోగలడు. అదే గుణకం 0.2కు పడిపోతే తట్టుకోగలిగేది 7 కిలోలే. నీరు సెకనుకు ఒక మీటరు వేగంతో, అంటే మనిషి మామూలుగా నడిచే వేగంతో పారుతుంటే కాళ్ల మీద పడే తోపుడు సుమారు 14 కిలోలు. మంచి అడుగున్న బూటు వేసుకున్నవాడు నిలబడతాడు, మామూలు చెప్పు వేసుకున్నవాడు కొట్టుకుపోతాడు.

లెక్క అక్కడితో ఆగదు. వేగం సెకనుకు ఒకటిన్నర మీటర్లకు చేరితే తోపుడు 30 కిలోలు దాటుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన బూటైనా నిలబెట్టలేదు. అలాంటి నీళ్లలోకి దిగకపోవడమే జాగ్రత్త.

ఫెల్టా, రబ్బరా, మేకులా?

బూటు అడుగుల్లో ప్రధానంగా మూడు రకాలున్నాయి. పాతది ఫెల్ట్, అంటే పోగులను దట్టంగా నొక్కి చేసిన మందపాటి బట్ట. ఒకప్పుడు ఉన్నితో చేసేవారు, ఇప్పుడు కృత్రిమ పోగులు వాడుతున్నారు. దాని వేలాది పోగులు పాకుడులోకి చొచ్చుకుపోయి రాయిని తాకుతాయి. మధ్యలో చిక్కిన నీరు పోగుల సందుల్లోకి పోతుంది. అందుకే నున్నటి గుండ్రాళ్ల మీద ఫెల్ట్‌కు మంచి పేరు. కానీ బురద గట్టు మీద, తడి గడ్డి మీద అది జారిపోతుంది. మంచులో నడిస్తే అడుగున మంచు ముద్దలు కడుతుంది.

రెండోది రబ్బరు. పొడి రాయి మీద రబ్బరు రెండు విధాలుగా పట్టు ఇస్తుంది. ఉపరితలానికి అంటుకుంటుంది, రాతి గరుకుల మీద సాగి అణిగి శక్తిని పీల్చుకుంటుంది. పాకుడు పొర అడ్డం వస్తే అంటుకునే గుణం చాలావరకు పోతుంది. రబ్బరును మెత్తగా చేస్తే పట్టు పెరుగుతుంది కానీ త్వరగా అరిగిపోతుంది. ఆ రెంటినీ తూకం వేయడమే రబ్బరు శాస్త్రవేత్తల పని. ఝపటాపూర్‌కు దగ్గర్లోనే ఉన్న ఖరగ్‌పూర్ ఐఐటీలో రబ్బరు సాంకేతికతకు ఒక ప్రత్యేక కేంద్రమే ఉంది.

మూడోది రబ్బరులో బిగించే మేకులు. వీటికి టంగ్‌స్టన్ కార్బైడ్ మొనలు ఉంటాయి. అది చాలా రాళ్ల కంటే గట్టిది కాబట్టి పాకుడును గీరి రాయిని పట్టుకుంటుంది. రైలు పట్టా మీద ఇసుక చేసే పని కూడా ఇలాంటిదే. అయితే మేకులు పడవ అడుగును గీరుతాయి, పొడి రాతి పలక మీద జారతాయి. రాయికి తగిలి చప్పుడూ చేస్తాయి. గాలిలో కంటే నీటిలో శబ్దం నాలుగు రెట్లకు పైగా వేగంగా ప్రయాణిస్తుంది.

ఏ ఏటికి ఏది?

ఖరగ్‌పూర్, మేదినీపూర్ పట్టణాల మధ్య పారే కంసావతిని స్థానికులు కాంసాయి అంటారు. ఛోటా నాగ్‌పూర్ పీఠభూమిలో పుట్టి వచ్చే ఈ నది ఇక్కడికి చేరేసరికి ఇసుక ఏరు. ఇక్కడ ఫ్లై ఫిషింగ్‌కు తగిన పాకుడు గుండ్రాళ్లు లేవు. ఇసుకలో మేకులకు పని లేదు, ఫెల్ట్ బురదతో నిండిపోతుంది. మామూలు గాలంతో నీళ్లలోకి దిగేవారికి వేళ్లు మూసి ఉంచే, నీరు సులువుగా కారిపోయే తేలికపాటి రబ్బరు బూటు చాలు. గాజు పెంకుల నుంచి, తెలుగువారు జెల్ల అని, బెంగాలీలు ట్యాంగ్రా అని పిలిచే చేప ముళ్ల నుంచి అది కాపాడుతుంది. ఇసుక తవ్వినచోట హఠాత్తుగా వచ్చే లోతు నుంచి మాత్రం ఏ బూటూ కాపాడదు. చేతికర్రతో ముందు లోతు చూసుకుని అడుగు వేయాల్సిందే.

బూటుతో పాటు వెళ్లేవి

ఫెల్ట్‌లోని పోగులే దాని లోపం కూడా. అవి తడిని రోజుల తరబడి పట్టి ఉంచుతాయి. ఆ తడిలో సూక్ష్మజీవులు బతికి ఒక ఏటి నుంచి మరో ఏటికి చేరగలవు. 2004లో న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలో డిడిమో అనే ఏకకణ శైవలం కనిపించింది. అది రాళ్లను మందపాటి చాపలా కప్పేస్తుంది. 2008లో ఆ దేశం ఫెల్ట్ బూట్లను నిషేధించింది. అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ పార్కు 2018లో అదే పని చేసింది.

ఇంతలో శాస్త్రం మరో కోణాన్ని బయటపెట్టింది. నీటిలో భాస్వరం బాగా తగ్గినప్పుడే డిడిమో చాపలు కడుతుందని, కొన్నిచోట్ల ఆ శైవలం ముందునుంచే ఉండి ఉండవచ్చని 2014లో పరిశోధకులు వివరించారు. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం 2011లో పెట్టిన నిషేధాన్ని 2016లో ఎత్తివేసింది. అయినా బూటు మీద అనుమానం తీరిపోలేదు. చిన్న బురద నత్తలు, చేపలకు జబ్బు తెచ్చే పరాన్నజీవులు కూడా తడి బూట్లతో ప్రయాణించగలవు. రబ్బరు బూటు లేసుల్లో, కుట్లలో సైతం బురద దాక్కుంటుంది. అడుగు ఏదైనా శుభ్రం చేయడం తప్పదు.

అందుకే న్యూజిలాండ్ ప్రచారం మూడు మాటలే చెబుతుంది: చూడు, కడుగు, ఆరబెట్టు. ఏరు దాటగానే బురద, నాచు తీసేయాలి. 60 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడినీళ్లలో నిమిషం పాటు ఉంచితే డిడిమో చనిపోతుంది. మందమైన బట్ట భాగాలకు ఇంకా ఎక్కువసేపు పడుతుంది. తర్వాత లోపలి వరకూ పూర్తిగా ఆరిన 48 గంటల దాకా మరో నీటిలోకి దిగకూడదు.

కొనేటప్పుడు చూడాల్సినవి

నీళ్లు చొరబడని వేడర్ దుస్తుల కింద మందపాటి మేజోళ్లు ఉంటాయి. వాటిని తొడుక్కునే బూటు కొలత చూడాలి. సాధారణంగా ఒక సైజు పెద్దది సరిపోతుంది. బిగుతైతే రక్తప్రసరణ తగ్గి చల్లని నీళ్లలో కాళ్లు మొద్దుబారతాయి. చీలమండను గట్టిగా పట్టి ఉంచాలి, ఎందుకంటే రాళ్ల సందుల్లో కాలు మెలికపడటం సాధారణం. వేళ్ల దగ్గర గట్టి కప్పు, నీరు పోయే రంధ్రాలు, త్వరగా ఆరే వస్త్రం ఉండాలి. తోలు నీటిని పీల్చి బరువెక్కుతుంది, ఆలస్యంగా ఆరుతుంది.

వీటన్నిటి కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: దిగబోయే ఏటి అడుగున ఏముంది? ఇసుకా, బురదా, గుండ్రాయా అన్నది తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే. బూటు ఆరేదాకా ఆగే ఓపిక ఉంటే రెండో ఏరు కూడా క్షేమంగా ఉంటుంది.